కోపం ఒక్కటే చాలదు: బ్రిటన్‌లో ఇండిపెండెంట్లు ఎప్పుడు గెలుస్తారు, ఎందుకు ఓడిపోతారు?

ఈ ఎపిసోడ్‌లో బ్రిటన్ రాజకీయాల గురించి మాట్లాడుకుందాం. "వాళ్ళ గొడవ మనకెందుకు బ్రో" అనుకునేవాళ్ళకి ముందే రెండు కారణాలు చెప్పేస్తాను.

ఒకటి, మనం ఓటేసే పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే. నియోజకవర్గంలో ఎవరికి అందరికంటే ఎక్కువ ఓట్లొస్తే వాళ్ళే గెలిచినట్టు. సగం ఓట్లు రావాలన్న రూలేం లేదు. రెండోది మనవాళ్ళలో చాలామందికి తెలీదు. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి, బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులు అక్కడి పార్లమెంట్ ఎన్నికల్లో ఓటు నమోదు చేసుకుని వేయొచ్చు. స్టూడెంట్ వీసా మీద ఉన్నా సరే. అంటే మీ అన్నయ్యో అక్కో మాంచెస్టర్‌లో మాస్టర్స్ చేస్తుంటే, వాళ్ళకి అక్కడ ఓటు హక్కు ఉందన్నమాట.

సరే, విషయంలోకి వద్దాం. నేను యూట్యూబ్‌కి రాకముందు కోడ్ రాసి బతికినవాణ్ణి. ఎవరైనా "సిస్టమ్ పాడైంది" అంటే ముందు లాగ్స్ చూపించమంటాను. ఇక్కడ లాగ్స్ ఏం చెప్తున్నాయో చూడండి.

1951లో బ్రిటన్ ఎన్నికల్లో 82 శాతానికి పైగా జనం ఓటేశారు. పడిన ఓట్లలో దాదాపు 97 శాతం రెండే పార్టీలకి వెళ్ళాయి, కన్జర్వేటివ్, లేబర్. 2024కి వద్దాం. పోలింగ్ దాదాపు 60 శాతం. రెండు పార్టీలకీ కలిపి వచ్చింది 57 శాతం చిల్లర. అందులో లేబర్‌కి వచ్చింది దాదాపు మూడో వంతు, కానీ 650 సీట్లలో 411 గెలిచింది. రిఫార్మ్ అనే పార్టీకి 40 లక్షలకి పైగా ఓట్లు పడితే వచ్చినవి 5 సీట్లు. ఇంకో లెక్క చూడండి. రిజిస్టరైన ఓటర్లలో ఇంట్లో కూర్చున్నవాళ్ళు, గెలిచిన లేబర్‌కి ఓటేసినవాళ్ళకి దాదాపు రెట్టింపు.

మరి జనానికి పార్టీల మీద ఇంత విసుగు ఉంటే, ఏ పార్టీకీ చెందని ఇండిపెండెంట్లు పదుల కొద్దీ గెలవాలి కదా? గెలవట్లేదు. ఎందుకు?

కొంచెం వెనక్కి వెళ్దాం. బ్రిటన్ చట్టం చాలాకాలం పార్టీలని పట్టించుకోలేదు. బ్యాలెట్ పేపర్ మీద పార్టీ పేరు రాయడానికి 1969లో చట్టం మార్చేదాకా వీల్లేదు. అభ్యర్థి పేరు, అడ్రసు, చేసే పని, అంతే. మనకేమో 1952 మొదటి ఎన్నికల నుంచే గుర్తులున్నాయి. అంటే కాగితం మీద వాళ్ళు ఓటేసేది మనిషికే. కానీ ఆచరణలో గెలిచేది పార్టీ.

1950కి ముందు అక్కడ ఇండిపెండెంట్లకి ఒక దారి ఉండేది. యూనివర్సిటీ సీట్లు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి యూనివర్సిటీల పట్టభద్రులకి వేరే ఓటు ఉండేది, మన ఎమ్మెల్సీ గ్రాడ్యుయేట్ సీట్ల లాగా. ఏ.పి. హెర్బర్ట్ అనే హాస్య రచయిత 1935లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇండిపెండెంట్‌గా గెలిచి, రెండేళ్ళకే విడాకుల చట్టాన్ని మార్చే బిల్లు పాస్ చేయించాడు. వెనక పార్టీ లేదు, మంత్రి పదవీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒకటి, రెండు అని వరుస నంబర్లు వేసే పద్ధతి ఉండేది. కాబట్టి "ఇతనికేస్తే ఓటు వేస్టవుతుంది" అన్న భయం తక్కువ. 1948 చట్టం ఈ సీట్లని తీసేసింది, 1950 ఎన్నికలతో ఆ దారి మూసుకుపోయింది.

రెండో దారి యుద్ధకాలంలో తెరుచుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పెద్ద పార్టీలు ఒప్పందం చేసుకున్నాయి: ఎవరి సీటు ఖాళీ అయితే ఆ పార్టీయే నిలబెడుతుంది, మిగతావి పోటీ చెయ్యవు. ఫలితం ఏమైందంటే, 1942లో గ్రాంథమ్, రగ్బీ, వాలసీ, మాల్డన్, నాలుగు ఉప ఎన్నికల్లో ఇండిపెండెంట్లు గెలిచారు. ప్రభుత్వం మీద కోపంగా ఉన్నవాళ్ళందరికీ ఒకే పేరు కనిపించింది, దానికే గుద్దేశారు.

ఇది గుర్తుపెట్టుకోండి. ఎదురుగా పోటీ ఖాళీ అయినప్పుడు ఇండిపెండెంట్ గెలుస్తాడు.

1997లో అదే జరిగింది. టాటన్ అనే నియోజకవర్గం కన్జర్వేటివ్‌లకి కంచుకోట. అక్కడి ఎంపీ నీల్ హామిల్టన్ మీద పార్లమెంట్‌లో ప్రశ్నలడగడానికి డబ్బు తీసుకున్నాడన్న ఆరోపణలొచ్చాయి. ఆయన కాదన్నాడు. బీబీసీలో యుద్ధ విలేకరిగా పేరున్న మార్టిన్ బెల్ తెల్ల సూటు వేసుకుని ఆయన మీద నిలబడ్డాడు. లేబర్, లిబరల్ డెమొక్రాట్లు తమ అభ్యర్థుల్ని తప్పించాయి. బెల్ 11 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచాడు. ఒక్కసారే ఉంటానని మాటిచ్చాడు కాబట్టి 2001లో ఆ సీటు వదిలేశాడు. వేరే చోట పోటీ చేసి ఓడిపోయాడు. టాటన్ మళ్ళీ కన్జర్వేటివ్‌ల చేతికే వెళ్ళింది. గెలిచిన కుర్రాడు జార్జ్ ఆస్బోర్న్, తర్వాత ఆర్థిక మంత్రి అయ్యాడు.

2001లో ఇంకో కథ. కిడ్డర్‌మిన్‌స్టర్ ఊళ్ళో ఆసుపత్రిలో ఎమర్జెన్సీ విభాగం ఎత్తేశారు. రిచర్డ్ టేలర్ అనే రిటైర్డ్ డాక్టర్ ఆ ఒక్క విషయం మీద వైర్ ఫారెస్ట్ నియోజకవర్గంలో నిలబడి, అధికార పార్టీ జూనియర్ మంత్రిని 17 వేల పైన మెజారిటీతో ఓడించాడు. 2005లోనూ గెలిచాడు. ఆ రెండుసార్లూ లిబరల్ డెమొక్రాట్లు పోటీ చెయ్యలేదు. 2010లో చేశారు, ఆయన ఓడిపోయాడు.

ఇక అసలు పరీక్షకొద్దాం. 2009 మే నెలలో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ఎంపీల ఖర్చుల బిల్లులు బయటపెట్టింది. ఒకాయన తన బంగళా చుట్టూ ఉన్న కందకం శుభ్రం చేయించిన ఖర్చు చూపించాడు, ఇంకొకాయన చెరువులో బాతుల కోసం కట్టించిన ఇంటికి బిల్లు పెట్టాడు. దేశం మొత్తం మండిపోయింది. స్పీకర్ రాజీనామా చెయ్యాల్సొచ్చింది, అలా ఒత్తిడితో స్పీకర్ దిగిపోవడం మూడు వందల ఏళ్ళలో మొదటిసారి. కొందరు ఎంపీలు జైలుకి వెళ్ళారు.

పార్టీల మీద ఇంతకంటే కోపం ఎప్పుడొస్తుంది? కానీ 2010 ఎన్నికల్లో ఏమైంది? ఇండిపెండెంట్‌గా గెలిచింది ఒక్కరే, ఉత్తర ఐర్లాండ్‌లో సిల్వియా హెర్మన్. ఆమె కూడా కొత్త మనిషి కాదు, పార్టీ వదిలిన సిట్టింగ్ ఎంపీ. టీవీలో ఇంటింటికీ తెలిసిన ఎస్తర్ రాంట్‌జెన్ లూటన్ సౌత్‌లో నిలబడితే 5 శాతం కూడా రాలేదు, డిపాజిట్ పోయింది. అప్పటికే సభలో ఉన్న డాక్టర్ టేలర్, వేల్స్‌కి చెందిన డై డేవిస్, ఇద్దరూ ఓడిపోయారు. కోపం తారస్థాయిలో ఉన్న ఏడాదే ఇండిపెండెంట్లు తుడిచిపెట్టుకుపోయారు.

నాకు అర్థమైన కారణాలు ఇవి. తప్పు చేసినవాళ్ళు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు కాబట్టి ఏ పార్టీ కూడా తప్పుకోలేదు. పార్టీలే మచ్చ పడిన ఎంపీల్ని మార్చి కొత్త ముఖాల్ని దింపాయి. పైగా ఆ ఏడాదే మొదటిసారి ముగ్గురు పార్టీ నాయకుల టీవీ డిబేట్లు పెట్టారు. జనం మనసులో ప్రశ్న "మా ఎంపీ మంచోడా" నుంచి "ప్రధాని ఎవరు" కి మారిపోయింది. ఆ ప్రశ్నకి ఇండిపెండెంట్ దగ్గర జవాబు ఉండదు.

మరి 2024లో ఆరుగురు ఎలా గెలిచారు? ఒకరు ఉత్తర ఐర్లాండ్ నుంచి. ఒకరు జెరెమీ కోర్బిన్, 1983 నుంచి అదే సీటులో ఉన్న మనిషి, లేబర్ టికెట్ ఇవ్వకపోయినా గెలిచాడు. మిగతా నలుగురూ గాజా విషయంలో లేబర్ వైఖరి మీద కోపం ఉన్న చోట్ల గెలిచారు. లెస్టర్ సౌత్‌లో లేబర్ సీనియర్ నేత జొనాథన్ ఆష్‌వర్త్ 979 ఓట్లతో ఓడిపోయాడు. బ్లాక్‌బర్న్‌లో మెజారిటీ 132 మాత్రమే, గెలిచినాయనకి వచ్చింది 27 శాతం ఓట్లు.

ఆ 27 శాతం దగ్గర ఆగండి. ఇది కొత్త దారి. పాత దారిలో పార్టీలు తప్పుకుంటే గెలిచేవాళ్ళు. ఇప్పుడు నాలుగైదు పార్టీలు ఓట్లు చీల్చుకోవడం వల్ల గెలుపు గీత కిందికి దిగింది. ఒక ఊళ్ళో, ఒక విషయం మీద, నాలుగో వంతు జనాన్ని గట్టిగా కూడగడితే చాలు. కాబట్టి ఇండిపెండెంట్లకి అవకాశం నిజంగానే పెరిగింది. కాకపోతే అలా వచ్చిన సీటు అంతే తేలిగ్గా పోతుంది కూడా.

గెలిచాక ఏం చెయ్యగలరు అన్నది ఇంకో సమస్య. ఒంటరి ఎంపీకి సభలో మాట్లాడే టైమ్ తక్కువ, కమిటీ సీట్లు పార్టీల లెక్కన పంచుకుంటారు. అందుకే గెలిచిన ఇండిపెండెంట్లు 2024లోనే ఒక కూటమిగా ఏర్పడ్డారు, 2025లో కోర్బిన్ జరా సుల్తానాతో కలిసి కొత్త పార్టీ ప్రకటించాడు. పార్టీ వద్దని వచ్చినవాళ్ళకీ పార్టీ అవసరం పడింది.

చిన్న స్థాయిలో మాత్రం కథ వేరు. సోమర్‌సెట్‌లోని ఫ్రోమ్ పట్టణంలో మామూలు జనం ఒక గుంపుగా చేరి 2011లో టౌన్ కౌన్సిల్‌లో 17 సీట్లకి 10, 2015లో మొత్తం 17 గెలిచారు. హార్టిల్‌పూల్‌లో ఫుట్‌బాల్ టీమ్ కోతి వేషగాడు స్టువర్ట్ డ్రమండ్, బడి పిల్లలకి ఉచితంగా అరటిపళ్ళిస్తానని 2002లో సరదాగా మేయర్‌కి నిలబడి గెలిచాడు. తర్వాత సీరియస్‌గా పనిచేసి ఇంకో రెండుసార్లు గెలిచాడు. చెత్త, పార్కు, రోడ్డు విషయంలో ప్రధాని ఎవరన్న ప్రశ్న రాదు కదా.

మన దగ్గరా ఇంచుమించు ఇదే. 1952లో లోక్‌సభకి 37 మంది ఇండిపెండెంట్లు వెళ్ళారు, 2024లో ఏడుగురు. మనకి ఇంకో తాళం కూడా ఉంది. ఇక్కడ ఇండిపెండెంట్‌గా గెలిచి తర్వాత పార్టీలో చేరితే పదవి పోతుంది. బ్రిటన్‌లో అలాంటి చట్టం లేదు.

నా మాట ఒక్కటే. "అందరూ దొంగలే" అని ఇంట్లో కూర్చున్న ఓటు ఏ లెక్కలోకీ రాదు, పార్టీల్ని భయపెట్టదు. 1942లో గానీ 2001లో గానీ పార్టీలు ఉలిక్కిపడింది జనం ఒక పేరు మీద, ఒక విషయం మీద కలిసినప్పుడే. బ్రిటన్‌లో ఉన్న మీవాళ్ళకి ఈ ఎపిసోడ్ పంపండి. ఓటర్ లిస్టులో పేరుందో లేదో చూసుకోమనండి. పోలింగ్ బూత్‌లో ఐడీగా మన పాస్‌పోర్ట్ చెల్లుతుంది. ఎవరికి వెయ్యాలో వాళ్ళిష్టం, కానీ ఓటు మాత్రం ఊరికే పోనివ్వద్దని చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.