కుక్కకును కులమా?

గడచిన వర్షకాలమున మా యింటి పిల్లలు మురుగుకాలువలో పడియున్న యొక కుక్కపిల్లను తువ్వాలలో చుట్టి తెచ్చిరి. దాని చెవి యొకటి నిక్కియు, రెండవది వ్రాలియు నుండెను. చూడవచ్చిన చుట్టములందఱు మొదట నడిగిన ప్రశ్న యొక్కటియే: "ఇది యే జాతి?" సంకరమని తెలిసినంతనే వారికి దానిపై నాసక్తి తగ్గెను. ఈ ప్రశ్న యనాదినుండి వచ్చుచున్నదని మనము తలంతుము. చరిత్ర మట్లు చెప్పదు.

వేటకు, మందకు, కాపలాకు వేర్వేరు కుక్కలను మనుష్యుడు ప్రాచీనకాలమునుండియు పెంచెను. కాని సాధారణముగా పనినిబట్టియే వాని విలువ కట్టెను. 1859లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ నగరమున జరిగినదానిని, క్రమముగ నేర్పఱచిన శునకప్రదర్శనములలో మొదటిదిగా నెన్నుదురు. 1873లో లండనున కెన్నెల్ క్లబ్బు స్థాపితమై, కుక్కల వంశావళులను గ్రంథస్థము చేయసాగెను. చెవి పొడవునకు, తోక వంపునకు, వన్నెకు నియమము లేర్పడెను. నేడు మనము "జాతికుక్క" యనుదానికి గల గౌరవము చాలవఱకు ఆ యుగమున పుట్టినదే.

ఆ యేండ్లలోనే, ఆ దేశముననే, వేఱొక ప్రయత్నమును మొలకెత్తెను. 1860లో మేరీ టీల్బీ యను నామె లండనునందలి హాలోవేలో, తప్పిపోయిన కుక్కలకును ఆకటితో మాడు కుక్కలకును గుఱ్ఱపుసాలలలో నాశ్రయము కల్పించెను. మనుష్యులే పస్తులుండగా కుక్కలకు సత్రమా యని పలువురు పరిహసించిరి. అయినను 1862లో డికెన్సు నడపిన పత్రికలో వెలువడిన వ్యాసమొకటి, బహుమానములందు కుక్కల ప్రదర్శనమును ఈ దీనశాలను ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. 1865లో ఆమె మరణించెను. సంస్థ మాత్రము నిలిచి, 1871లో బాటర్సీకి తరలి, నేటికిని పనిచేయుచున్నది.

వీధికుక్కను జూచి వెఱచువారిని నిందింపరాదు. రేబీసు లక్షణములు పొడసూపిన పిమ్మట ప్రాణము నిలుచుట మిక్కిలి యరుదు. 1885లో పాశ్చరు పండితుడు పిచ్చికుక్క కఱచిన బాలునికి టీకా వేసి యీ భయమునకు మార్గము చూపెను. తరువాత కుక్కలకును టీకాలు వచ్చెను. మన దేశమున 2001లో నేర్పడిన నియమములు, వీధికుక్కలను చంపుటకు మాఱుగా, వానికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి టీకా వేయు పద్ధతిని విధించెను. 2023లో వీని స్థానమున క్రొత్త నియమములు వచ్చినను మూలసూత్రమదియే.

కావున కేవలము జాలి చాలదు. పిల్లను చేరదీసిన గృహస్థుడు మూడు నెలల వయసున దానికి రేబీసు టీకా వేయింపవలెను. తరువాత పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయింపవలెను. తగిన కాలమున శస్త్రచికిత్స చేయింపవలెను. ఇవి చేయనివాని దయ యిరుగుపొరుగువారికి కీడగును. సంకరజాతి పిల్ల యెంత పెరుగునో, దాని స్వభావ మెట్టిదగునో ముందుగా చెప్పుట కష్టము, పెంచువానికి ఓర్పుండవలెను.

మనుష్యుని పుట్టుకనుబట్టి తూచుట తప్పని పిల్లలకు బోధించు మనము, ఆకలితో గడప చేరిన ప్రాణిని మొదట జాతి యడుగుట తగునా? మా కుక్కపిల్ల యిప్పుడు పెద్దదైనది. చెవి యొకటి నేటికిని వ్రాలియే యున్నది. ఎవరైన జాతి యడిగినచో మా పిల్లలు, "ఇది మా యింటిది" అని బదులు చెప్పుచున్నారు.