పాయింట్ త్రీ వన్ ఫైవ్ - ఓ తుపాకి కథ

మొన్న తెలకపల్లి నుంచి మా చిన్నాయన ఫోన్ చేశాడు. మామూలుగా వానల గురించో, పల్లికాయ రేటు గురించో మాట్లాడే మనిషి, ఈసారి నేరుగా విషయంలోకి వచ్చేశాడు.

"పల్లిచేన్ల అడవిపందులు పడుతున్నయిరా. ఒక్క రాత్రికే నాగలి పెట్టి దున్నినట్టు చేసి పోతున్నయి. డబ్బాలు కొట్టుకుంట ఎన్ని దినాలని మేలుకుంటం? అమెరికాల తుపాకులు అంగట్ల అమ్ముతరని నువ్వే చెప్తివి గద. మనకెందుకియ్యరు?"

"అది పెద్ద కథ చిన్నాయనా" అని దాటేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం, ఆ పెద్ద కథేదో రాసేస్తే పోలా అనిపించింది. ఇదిగో రాస్తున్నా.

నేను అక్కడ పనిచేసినప్పుడు మా టీములో ఒకాయన ఉండేవాడు. నవంబరు వచ్చిందంటే చాలు, వారం సెలవు పెట్టి జింకల వేటకి పోయేవాడు. ఆయన రైఫిలు వాళ్ల తాతది. రెండో ప్రపంచయుద్ధం నుంచి ఆ తాత ఓ జర్మన్ మౌజర్ వెంట తెచ్చుకుని, దాన్ని ఊళ్లో తుపాకుల మేస్త్రీకిచ్చి వేట రైఫిలుగా మార్పించుకున్నాడట. ఇది అక్కడ వింతేం కాదు. యుద్ధాల్లో మిగిలిపోయిన తుపాకులు చవగ్గా దొరికేవి, పోస్టులో కూడా తెప్పించుకునేవాళ్లు. 1968లో కొత్త చట్టం వచ్చాక ఆ పోస్టు బేరం ఆగింది.

ఈ మార్పించడం ఏమిటో కాస్త చెప్పాలి. రైఫిల్లో ప్రాణమంతా 'యాక్షన్'లో ఉంటుంది. అంటే బోల్టు, అది ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు పెట్టె, ట్రిగ్గరు, తూటాలు అందించే ఏర్పాటు, అన్నీ కలిపి. గొట్టం, కర్ర పైనుంచి తగిలించుకునేవే. మన భాషలో చెప్పాలంటే కెర్నెల్ అదే ఉంచి మిగతా డిస్ట్రో అంతా మార్చుకోవడమన్నమాట. సైన్యపు యాక్షన్ మీద మోజెందుకంటే, అది బురదలో పడ్డా, మంచులో పడ్డా పనిచేయాలని కట్టింది. 1898 నాటి మౌజర్ బోల్టుకి ముందువైపు రెండు గట్టి పళ్లుంటాయి, వెనకాల ఇంకొకటి అదనం. తూటా అడుగుని గోరుతో పట్టుకున్నట్టు పట్టుకుని లోపలికి తీసుకెళుతుంది.

మేస్త్రీ పాత గొట్టాన్ని విప్పి కొత్తది బిగిస్తాడు. బోల్టు పిడిని కిందికి వంచుతాడు, లేకపోతే పైన బిగించే టెలిస్కోపుకి తగులుతుంది. అన్నిటికన్నా కష్టమైంది, తూటా అడుగుకీ బోల్టు ముఖానికీ మధ్య వదులు సరిచూడటం. ఇది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ఎక్కువైతే ఇత్తడి తొడుగు పగిలి, వేడి గ్యాసు కాల్చినవాడి మొహానికే తన్నుతుంది. ఇక వాల్‌నట్ కర్రని యాక్షన్‌కి అతికినట్టు చెక్కడానికే వారాలు పడుతుంది.

మన దేశంలో అలాంటి రైఫిళ్లు లేవా అంటే ఉన్నాయి. అన్నిటికన్నా పేరున్నది జిమ్ కార్బెట్‌ది. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నరు హ్యూవెట్ ఆయనకి ఓ రిగ్బీ రైఫిలు బహూకరించాడు. రిగ్బీ లండన్ కంపెనీయే గానీ, లోపలి యాక్షన్ జర్మనీలో మౌజర్‌వాళ్లు చేసింది. అది కాల్చే తూటా కూడా మౌజర్‌వాళ్ల సైనిక తూటాయే, 7×57. బోయర్ యుద్ధంలో (1899-1902) ఇంగ్లీషు సైనికుల్ని చంపింది అదే తూటా! రిగ్బీవాళ్లు దాన్ని అంగుళాల్లోకి మార్చి '.275' అని పేరు పెట్టేసరికి దొరల వేట తుపాకి అయిపోయింది.

కార్బెట్‌కి దక్కింది మామూలు మనిషికి దక్కేదా? ఇక్కడే అసలు కథ మొదలు. 1857 చూసిన ప్రభుత్వం 1878లో లిట్టన్ కాలంలో ఆయుధాల చట్టం తెచ్చింది. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్లకి చాలావరకు మినహాయింపు. అదీ చాలక సైన్యం వాడే కొలత తూటా ప్రజల చేతిలో ఉండకూడదన్నారు. సైన్యం నుంచి దొంగిలించిన తూటాలు బయట ఎవడికీ పనికి రాకూడదని. సరిహద్దు తెగల చేతుల్లో మార్టినీ-హెన్రీ రైఫిళ్లు తిరుగుతున్నాయని, 1907 ప్రాంతంలో .450 వేట తుపాకుల్ని కూడా ఇండియాలోకి రానివ్వడం ఆపేశారు. ఆ దెబ్బకి లండన్ కంపెనీలు .470, .465 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. పులికీ ఏనుగుకీ ఎంత గుండు కావాలన్న లెక్క కాదది, తిరుగుబాటు భయం లెక్క!

.303 లీ-ఎన్‌ఫీల్డ్ విషయంలోనూ అంతే. చేతికి తిరిగిన యాక్షన్, చవక. కానీ సైన్యం కొలత, కాబట్టి నిషిద్ధం. దానికి కనిపెట్టిన ఉపాయమే .315. యాక్షన్ అదే లీ-ఎన్‌ఫీల్డ్‌ది. గొట్టం మాత్రం 8 మిల్లీమీటర్లది. (8ని 25.4తో భాగించి చూడండి, .315 వస్తుంది.) తూటా ఆస్ట్రియా-హంగరీ సైన్యం 1888లో మొదలుపెట్టిన మాన్‌లిషర్ తూటాకి సోదరుడు. మొదట ఇంగ్లండులో బీఎస్ఏ కంపెనీ ఇలాంటివి చేసింది. తర్వాత బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అందుకుంది. సైన్యానికి .303లు చేసిన అదే ఫ్యాక్టరీ, పది తూటాల మ్యాగజీను తీసి ఐదు తూటాలది పెట్టి, ముందువైపు కర్ర కోసేసి, 'స్పోర్టింగ్ రైఫిల్' అని జనానికి అమ్మింది. అమెరికాలో ఊరి మేస్త్రీ చేసిన పని ఇక్కడ సర్కారే చేసిందన్నమాట, అదీ తనకి నచ్చినంత మేరకే. ఆస్ట్రియా-హంగరీ 1918లోనే మాయమైపోయింది. దాని తూటా మాత్రం ఇక్కడ బతికిపోయింది. చరిత్రకి హాస్యం తెలీదంటే నేనొప్పుకోను.

స్వతంత్రం వచ్చాకైనా మారిందా అంటే, 1959 చట్టంలో నిషిద్ధ కొలతల పద్ధతి అలాగే ఉండిపోయింది. లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేయడమే కాదు, మార్చినా, అమ్మకానికని బాగుచేసినా నేరం. ఆ తాత మేస్త్రీ మన దగ్గర పుట్టుంటే జైల్లో ఉండేవాడు.

ఇదంతా ఇంగ్లీషోళ్ల ఇలాకా గోల, మాది నిజాం ఇలాకా కదా అంటారేమో. అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటెక్కితే ఫర్హాబాద్ వస్తుంది, నవాబుల షికారు అడవి. పక్కనే చెంచులు. 1940లో హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ వచ్చి వాళ్ల మీద పుస్తకం రాసేనాటికి కూడా వాళ్ల వేట విల్లంబులతోనే. ఊళ్లలో ఉంటే గింటే బర్మార్లు, మూతి నుంచి మందు కూరేవి. 1946 తర్వాత సాయుధ పోరాటంలో జనం వడిసెలలతో, బర్మార్లతో మొదలై రైఫిళ్ల దాకా వెళ్లారు. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి విమానాల్లో నిజాంకి దొంగచాటుగా ఆయుధాలు మోశాడు. సెప్టెంబరులో మిలిటరీ వచ్చింది, 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. ఇక మా వైపు సైన్యపు రైఫిలు ఒకడి ఇంట్లో దొరికిందంటే దానర్థం వేట కాదు.

మా తాత దగ్గరా ఓ బర్మారు ఉండేదట, లైసెన్సుదే. నల్లమలలో అన్నలు తిరిగిన రోజుల్లో దానికోసం రాత్రిపూట వాళ్లొచ్చి అడుగుతారని భయం. పొద్దున పోలీసులొచ్చి వాళ్లకిచ్చావా అని అడుగుతారని ఇంకో భయం. ఆఖరికి తీసుకెళ్లి స్టేషన్లో జమ చేసి రసీదు తెచ్చుకున్నాడు. తుపాకి మళ్లీ ఇంటికి రాలేదు. రసీదు మాత్రం ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది, మడతల దగ్గర చిరిగిపోయి.

ఈలోగా వేటే పోయింది. 1970లో పులి వేట నిషేధం, 1972లో వన్యప్రాణి చట్టం, 1991 సవరణతో లైసెన్సు వేట పూర్తిగా బందు. అది మంచిదే, ఆ చట్టం లేకపోతే అమ్రాబాద్‌లో ఈరోజు పులులుండేవి కావు. దాంతో .315 వేటకి పనికిరాని వేట తుపాకిగా మిగిలిపోయింది. ఉత్తరాదిలో కాపలాదారుల భుజాల మీద కనిపిస్తుంది, ఎన్నికలొస్తే స్టేషన్లో జమవుతుంది.

రాత్రి చిన్నాయనకి ఫోన్ చేసి ఇందులో సగమైనా చెప్పాను. కరెంటు తీగ మాత్రం పెట్టకు, పందికన్నా ముందు మనిషి చస్తాడని కూడా చెప్పాను. ఓపిగ్గా అంతా విని, "గట్లనా" అన్నాడు. తర్వాత, "మీ చిన్నమ్మ పాత చీరెలన్నీ చేను సుట్టు కట్టినం. ఇంగో నాలుగు చీరెలు కావాలె, మీ అమ్మనడిగి పంపు" అన్నాడు.