వెదురు బుట్టల్లో రాళ్లు

తాడు ఒక పట్టాన తెగదు. చిన్ రాజ్యం నాటి వేషం కట్టిన కుర్రాడు గొడ్డలి ఎత్తి మళ్లీ వేస్తాడు. జనం నవ్వుతారు. మీ భుజం మీదుగా ఎవరిదో సెల్ఫీ స్టిక్ ముందుకు సాగుతుంది. మీరు కమ్మీ వదలకుండా మునివేళ్ల మీద లేచి చూస్తారు. కింద నదికి అడ్డంగా కొయ్య ముక్కాళ్ల వరస. మూడేసి దుంగల్ని పైన కలిపి కట్టి, నడుమ రాళ్ల బరువు పెట్టి, నీళ్ల వైపు వెదురు తడికలు ఆన్చి, వాటికి మట్టి మెత్తారు. ఆ గోడకు అవతల మిన్ నది. ఇవతల గులకరాళ్లు.

ఈసారి తెగింది. గట్టు మీది మనుషులు హైలెస్సా అంటున్నట్టే ఏదో కేక పెట్టి మోకులు లాగుతారు. ఒక ముక్కాలి కూలుతుంది, పక్కది ఒరుగుతుంది, ఆ సందులోంచి నీళ్లు తోసుకొస్తాయి. ముందు బురద, వెనకే ఆకుపచ్చ. చల్లటి తుంపర మీ కళ్లద్దాల మీద పడుతుంది.

ఇది సిచువాన్ రాష్ట్రంలోని దూజియాంగ్‌యాన్. ఏప్రిల్ మొదటి వారం, చైనా వాళ్లు పెద్దల సమాధులు శుభ్రం చేసుకునే చింగ్‌మింగ్ రోజులు. చెంగ్డూ మైదానంలోని పొలాలకు తొలి నీళ్లు వదిలేది ఈ రోజుల్లోనే. ఇప్పుడు ఆ పని గేట్లు చేస్తున్నాయి కాబట్టి మీరు చూసింది వేడుక. 2006లో చైనా ప్రభుత్వం జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో దీన్నీ చేర్చింది. పూర్వం నీళ్లు వదలగానే కుర్రాళ్లు గట్టు వెంబడి పరుగెత్తుతూ ఆ మొదటి అల నెత్తి మీద రాళ్లు వేసేవారట. ఏడాది పొడుగునా నది అణిగిమణిగి ఉండాలని.

పక్కనున్న అమ్మాయి ఫోన్‌లోని అనువాదం యాప్‌ మీకు చూపిస్తుంది. చెంగ్డూ దక్షిణాన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది, వారానికి ఆరు రోజులు. చైనాలో దీన్ని 996 అంటారు. రైలెక్కితే అరగంటలో ఇక్కడికి వచ్చేయొచ్చు కాబట్టి సెలవు దొరికినప్పుడల్లా వస్తుందట. ‘‘ఇక్కడ తావో ఉంది. అన్నీ వదిలేయమంటుంది. నాక్కావలసింది అదే’’ అని తెర మీద అక్షరాలు వస్తాయి. 2021లో ఆమె తరం వాళ్లు ‘తాంగ్‌పింగ్’ అని ఒక మాట పట్టుకున్నారు. పోటీలో పరుగెత్తం, వెల్లకిలా పడుకుంటాం అని. చాలామంది దాన్ని తావో వాళ్ల ‘వూ వెయ్’తో, అంటే బలవంతం చేయకుండా పని జరగనిచ్చే పద్ధతితో ముడిపెట్టారు. కుదరని ముడి అది. ఎందుకు కుదరదో ఈ నదే చెబుతుంది, కాస్త ఎత్తు నుంచి చూస్తే.

ఎక్కండి. యూలెయ్ కొండ మెట్లు నున్నగా అరిగి, తుంపరకు జారుతున్నాయి. పైనున్న మండపం అంచుకు వచ్చి కిందికి చూస్తే మొత్తం ఏర్పాటు ఒక్క చూపులో దొరుకుతుంది. నది మధ్యలో చేప మూతిలా కోసుగా ఒక దిబ్బ. అది నదిని రెండు పాయలు చేస్తోంది. కొండ వైపు పాయ ఇరుకు, లోతు. అవతలిది వెడల్పు, మెరక. నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో పదింట ఆరు పాళ్లు లోతు పాయలోకి దిగి పొలాలకు పోతాయి. వరద వస్తే లెక్క తిరగబడుతుంది. ఆరు పాళ్లు వెడల్పు పాయ పట్టి సముద్రం దారి చూసుకుంటాయి. అసలు ఏర్పాటుకు ఎవరూ గేటు తిప్పనక్కర్లేదు, వరదే తనకు కావలసిన దారి ఎంచుకుంటుంది. లోపలి పాయలో ఇంకా మిగులు ఉంటే, కింద రెండు మీటర్ల పైచిలుకు ఎత్తున్న అలుగు మీదుగా పొర్లి బయటి పాయలో కలుస్తుంది. మలుపులో తిరిగే నీళ్లు ఇసుకనూ రాళ్లనూ ఆ అలుగు మీదుగానే విసిరేస్తాయి. ఆఖరున కొండను చీల్చిన ఇరవై మీటర్ల సందు. ఎంత వరద వచ్చినా ఆ సీసా మెడలో పట్టినన్ని నీళ్లే మైదానానికి వెళ్తాయి.

ఇదంతా క్రీ.పూ. 256 ప్రాంతంలో లీ బింగ్ అనే గవర్నరు మొదలుపెట్టిన పని. తుపాకి మందు లేని కాలం. బండ మీద కట్టెలు పేర్చి కాల్చి, చన్నీళ్లు పోసి, పగిలిన పెచ్చులు తీసుకుంటూ కొండను తొలిచారని చెబుతారు. ఆయన తావో శిష్యుడేమీ కాదు. కఠిన చట్టాలకు పేరుపడ్డ చిన్ రాజ్యం పంపిన అధికారి. తావో మతం ఈ కొండల్లో ఒక రూపు కట్టింది నాలుగు వందల ఏళ్ల తర్వాత. ఆయన్ని దేవుణ్ని చేసి గుడి కట్టి ఇప్పటికీ ధూపం వేస్తున్నది మాత్రం తావో పూజారులే. తమ వాడు కాకపోయినా పని చూసి గుర్తుపట్టారన్నమాట.

ఆ గుడి మీ వెనకే ఉంది. అర్‌వాంగ్, ఇద్దరు రాజుల గుడి: లీ బింగ్, ఆయన కొడుకు. 2008 మే 12 భూకంపంలో ఇందులో చాలా భాగం కూలి కొండ కిందికి జారింది. తర్వాత మళ్లీ నిలబెట్టారు. కొత్త కొయ్య వాసన, పాత ధూపం వాసన ఒకదానితో ఒకటి కలవకుండా తగులుతాయి. గోడ మీద పెద్ద చైనా అక్షరాలు. అమ్మాయి చదివి, భావం టైపు చేసి చూపిస్తుంది: పూడిక లోతుగా తియ్యి, కట్ట తక్కువ ఎత్తున వెయ్యి. గుడి గోడ మీద ఇంజనీరు చెప్పిన జాగ్రత్త! స్వర్గం ఊసు లేదు, మోక్షం ఊసు లేదు. నాకు ఈ గోడ దగ్గర కలిగిన గౌరవం చాలా గోపురాల ముందు కలగలేదు.

ఆ జాగ్రత్త పాటించాలంటే ఏటా నదిలోకి దిగాలి. చలికాలంలో ఇందాకటి ముక్కాళ్లతో ఒక్కో పాయనూ కట్టేసి, అడుగున పేరుకున్న గులకను జనం మోసేవారు. ఎంత లోతు తవ్వాలో గుర్తుగా నది అడుగున ఇనుప కడ్డీలు పాతారు. ఇప్పుడు నాలుగున్నాయి, పాతవి మింగ్, చింగ్ రాజుల కాలానివి. పార తగిలి ఠంగుమన్నదాకా తవ్వాలి. అంతకు తక్కువైతే పొలం ఎండుతుంది, ఎక్కువైతే ఊరు మునుగుతుంది.

చేప మూతిదీ ఇలాంటి కథే. అప్పట్లో అది వెదురు బద్దల బుట్టల్లో గులకరాళ్లు నింపి పేర్చిన దిబ్బ. పొడుగాటి బుట్టలు. నీళ్లు వాటి సందుల్లోంచి పోతాయి కాబట్టి నది దాన్ని గట్టిగా గుద్దదు. అడుగున ఇసుక కోసుకుపోతే బుట్ట ఆ గుంటలోకి ఒదిగి కూచుంటుంది. కానీ వెదురు కుళ్లుతుంది. మళ్లీ అల్లాలి, మళ్లీ నింపాలి. ఈ చాకిరీతో విసిగిన అధికారులు యువాన్ కాలంలో పదహారు వేల కట్టీల (కట్టీ చైనా తూకం) ఇనుప తాబేలు పోయించి అక్కడ దించారు. దాన్ని నది మింగేసింది. మింగ్ కాలంలో, 1550లో, అంతకు నాలుగు రెట్లకు పైగా బరువైన ఇనుప ఎద్దుల జంటను దించారు. వాటి కింద ఇసుకను నది తీరిగ్గా తవ్వుకుంది, ఎద్దులూ పోయాయి. జనం మళ్లీ వెదురు నరుక్కొచ్చారు. ఒక్కసారి బలంగా కొట్టి ఏటేటా చేసే పని తప్పించుకుందామన్న ఆశ ఇనుముకు తీరలేదు. ఇప్పుడున్నది 1930ల కాంక్రీటు. దానికి తోడు ఎగువన 2006లో పూర్తయిన జిపింగ్‌పూ డ్యాము వరదను చాలావరకు ముందే పట్టేస్తోంది. అంటే ఈ రోజు మీరు చూస్తున్న నది సగం మచ్చిక చేసిన నది. చేప మూతికి కిలోమీటరున్నర లోపే ఇంకో డ్యాము తలపెడితే పెద్ద గొడవ లేచి 2003లో ఆ పథకం ఆగిపోయింది. అది మాత్రం చిన్న సంగతి కాదు.

మధ్యాహ్నం బస్సు మిమ్మల్నీ ఆ అమ్మాయినీ చింగ్‌చెంగ్ కొండ కింద దింపుతుంది. తావో మతానికి పుట్టిళ్లలో ఇదొకటి. దేవదారు లాంటి పొడుగాటి చెట్లు, నాచు పట్టిన మెట్లు, దుకాణాల్లో కివీ సారా. నీరు ఎంత మెత్తనిదో చెప్పే సూక్తుల పట్టీలు కూడా అమ్ముతున్నారు. వాటిని దాటి నడవండి. ఆ మతానికి రూపు కట్టిన జాంగ్ దావొలింగ్ తపస్సు చేసుకున్నాడని చెప్పే గుహ దగ్గర ఆయనే నాటాడనే గింకో చెట్టు ఉంది. చెట్టు కన్నా నాకు ఆయన మనవడు జాంగ్ లూ ఏర్పాటే ఎక్కువ ఆసక్తి. రెండో శతాబ్దం చివర హాన్‌జోంగ్ ప్రాంతాన్ని ఏలిన ఆయన బాటసారుల కోసం దారిపొడుగునా సత్రాలు పెట్టించాడు. చిన్న తప్పు చేసినవాడు జపం చేయనక్కర్లేదు, వంద అంగల బాట బాగుచేస్తే ఆ పాపం పోయినట్టే.

కొండ మీది ఒక గుడి వంటింటి వెనక నీలం అంగీ, నడినెత్తిన కొప్పు పెట్టుకున్న సన్యాసిని ఊరగాయ జాడీల వరస ముందు వంగి ఉంది. జాడీ మూతి చుట్టూ గాడి, గాడిలో నీళ్లు, ఆ నీళ్లలోకి బోర్లించిన మూత. ఆవకాయ జాడీకి మనం కట్టే వాసెన చేసే పనే ఇక్కడ నీళ్లు చేస్తున్నాయి. లోపలి ముల్లంగి పులిసి గాలి పుడితే బుడగగా బయటికి తప్పుకుంటుంది. బయటి గాలి లోపలికి రాదు. మీరు చూస్తుండగానే ఒక జాడీ ‘బుళుక్’మంటుంది. అమ్మాయి యాప్‌లో అడుగుతుంది: ‘‘దీన్ని ఇలా వదిలేస్తే అదే అవుతుందా అమ్మా?’’

సన్యాసిని చెంబుతో గాడిలో నీళ్లు నింపుతూనే జవాబిస్తుంది. తెర మీద అక్షరాలు వస్తాయి: ‘‘ముల్లంగి పని ముల్లంగి చేసుకుంటుంది. గాడి ఎండకుండా చూడటం నా పని. రెండు రోజులు మరిచానా, అంతా బూజే.’’ తర్వాతి జాడీ దగ్గరికి జరుగుతుంది.

చీకటి పడేసరికి మళ్లీ ఊళ్లో ఉన్నారు. కప్పు వేసిన వంతెన పక్కన వెదురు కుర్చీలు, మల్లెపూల టీ, మూత ఉన్న పింగాణీ గిన్నెలు. సీసా మెడ దాటిన నీళ్లు మీ మోచేతి పక్కనే ఎంత వడిగా పోతున్నాయంటే మాట వినబడాలంటే అరవాలి. నీళ్ల మీద నీలం లైట్లు వేశారు, ఫొటోలకు. మూత తీసి పక్కన పెడితే టీ కొట్టావిడ వచ్చి వేడినీళ్లు పోస్తుంది. డెబ్బై దాటి ఉంటాయి. అమ్మాయి ఆవిణ్ని ‘న్యాంగ్‌న్యాంగ్’ అని పిలుస్తోంది. సిచువాన్‌లో పెద్ద వయసు ఆడవాళ్లను ‘పిన్నీ’ అన్నట్టు పిలిచే పిలుపు అది. పొద్దున వేడుక చూశామని అమ్మాయి ఆవిడకు చెబుతుంది.

‘‘వేషాలు!’’ అంటుంది ఆవిడ. వాళ్ల నాన్న చలికాలాల్లో పూడిక తీసేవాడట. మోకాలి లోతు మంచునీళ్లలో నిలబడి రాళ్లు అందించి అందించి నలభై ఏళ్లకే ముసలివాడయ్యాడట. ‘‘నీళ్లు మెత్తనివని పట్టీలు అమ్ముతున్నారు చూశారా? జనవరిలో దిగి చెప్పమనండి.’’

అమ్మాయి గిన్నె మీద మూత పెట్టి కాసేపు ఫోన్ చూసుకుంటుంది. మర్నాడు తొమ్మిదింటికి మీటింగు. తలెత్తి అడుగుతుంది: ‘‘న్యాంగ్‌న్యాంగ్, ఇప్పుడు కూడా మనుషుల్ని తీసుకుంటారా? పూడిక తీయడానికి? చలికాలంలో నాకు సెలవులు మిగులుతాయి.’’

ఆవిడ ఆమె చేతుల్ని, గోళ్ల రంగును, ఒకసారి చూస్తుంది. ‘‘ఇప్పుడన్నీ మిషన్లే. ఎక్స్‌కవేటర్ నడపడం వచ్చా నీకు?’’

‘‘రాదు. లైసెన్సుకు ఎన్నాళ్లు పడుతుంది?’’

ఆవిడ కెటిల్ బల్ల మీద పెట్టేసి, కుర్చీ లాక్కుని కూచుంటుంది. వాళ్ల అక్క మనవడు అదే పనిలో ఉన్నాడట, నంబరు ఇస్తానంటోంది.