మన చెరువు నాచు అమెరికా వెళ్ళిన కథ



మా మనవడు టౌన్లో అద్దాల తొట్టి కొనుక్కొచ్చాడండి. నాలుగు చేపలు, షాపువాడిచ్చిన ఏదో పైదేశం మొక్క రెండు రెమ్మలు. "చెరువు పక్కనే ఉండి మొక్కలు కొనడమేంట్రా" అని నేనే మోకాలిలోతు దిగి గుప్పెడు నాచు తెచ్చిచ్చాను. వారం తిరక్కుండా ఆకులు కుళ్ళి ఒకటే కంపు. వాడికి విసుగొచ్చి తొట్టెడు నీళ్ళూ మొక్కలతో సహా పంటకాలవలో పారబోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకు ఆపానో చెప్పాలనే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

అద్దాల తొట్టి ఆలోచన పుట్టిందే నీటి మొక్కతో. 1850 ప్రాంతంలో లండన్లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక తొట్టిలో రెండు బంగారు చేపలు వేసి, రిబ్బన్లా పొడుగాకులుండే వాలిస్నేరియా నాటాడు. మొక్క వదిలే ఆక్సిజన్‌తో చేప బతికింది. కానీ ఆకులు కుళ్ళి నీళ్ళు పాడయ్యాయి, అచ్చం మా ఇంట్లోలాగే. అప్పుడాయన నత్తలు వేశాడు. అవి కుళ్ళినాకు తినేశాయి, నీళ్ళు తేటపడ్డాయి. ఆ వాలిస్నేరియా జాతి మన చెరువుల్లోనూ ఉంది.

అంతకుముందే మన నీటి మొక్కల మీద ఒకాయన కన్ను పడింది. కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి పదేళ్ళకు పైగా మన సామర్లకోటలో ఉండి, ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి, తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. అవి 1795 నుంచి లండన్లో పుస్తకాలుగా అచ్చయ్యాయి. అందులో మనం నాచు అని తీసిపారేసే హైడ్రిల్లా కూడా ఉంది. కాడ చుట్టూ గుత్తిగా సన్నాకులుంటాయి చూడండి, అదే. ఉత్తరాదిన ఖండసారి చేసేవాళ్ళు ఇలాంటి తడి నాచునే పంచదార మీద పరిచేవారు. అందులోంచి దిగే తడికి మడ్డి కిందికి జారి పంచదార తెల్లబడేది. అంటే పనికొచ్చే మొక్కే.

ఆ మొక్కే 1950ల మొదట్లో సిలోన్ నుంచి అమెరికా వెళ్ళింది. తొట్టి మొక్కల వ్యాపారులు దానికి "ఇండియన్ స్టార్ వైన్" అని పేరు పెట్టి అమ్మారు. ఫ్లోరిడాలో ఒక వ్యాపారి పనికిరాలేదని కాలవలో పడేశాడు. 1960 నాటికి అక్కడి నదిలో, కాలవల్లో కనిపించింది. తర్వాత పదుల వేల ఎకరాల నీళ్ళు కమ్మేసింది. కణుపున్న చిన్న ముక్క చాలు, చిగురేస్తుంది. బురదలో దాని దుంపలు ఏళ్ళ తరబడి బతికుంటాయి. మనకి తుంగ ఎలాగో వాళ్ళకి అదలాగ. ఇప్పుడక్కడ దాన్ని అమ్మడం నిషేధం. చివరికి 1987లో మన దేశంలో ఈ నాచునే తినే ఒక చిన్న ఈగని తీసుకెళ్ళి అక్కడ వదిలారు. ఇక్కడ నాచుని అదుపులో పెట్టే పురుగులున్నాయి, అక్కడ లేవు. తేడా అదే.

ఇక మన గుర్రపు డెక్క సంగతి. అది దక్షిణ అమెరికా మొక్క. పువ్వు బాగుందని ముచ్చటపడి పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కి తెచ్చారు. 1936లో దాన్ని తీసెయ్యాలని అక్కడ చట్టమే చెయ్యాల్సొచ్చింది. మన కాలవల్లో ఏటా మనం లాగుతున్నది ఆ ముచ్చటనే. దానిక్కూడా 1980ల్లో బయట దేశం నుంచే ముక్కుపురుగులు తెచ్చి బెంగుళూరులో వదిలారు.

మనవడికి ఇదంతా చెప్పాను. షాపు మొక్కని మొక్కలతో సహా ఎండబెట్టి తగలబెట్టాం. నీళ్ళు పెరట్లో కొబ్బరి చెట్టుకి పోశాం, కాలవకి కాదు.

తర్వాత మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి నాచు తెచ్చి వారం రోజులు వేరే బకెట్లో ఉంచి, జలగలూ పురుగులూ ఏరేశాం. ఇసక అడుగున వేసి, కిటికీ పక్కన పెట్టాం. ఎండకి పెరిగిన పాత ఆకులు మళ్ళీ రాలాయి. ఈసారి కంగారు పడలేదు. కుళ్ళినవి తీసేసి నత్తలు రెండు వేశాం. ఇరవై రోజులకి కణుపుల దగ్గర కొత్త చిగుళ్ళొచ్చాయి.

మా చెరువు సగం గుర్రపు డెక్క కిందకి పోయింది. దాని నీడకి అడుగున ఎండ తగలక నాచు చచ్చిపోతోంది. రిబ్బన్ ఆకుది ఈ ఏడు వెతికినా దొరకలేదు. నా చిన్నప్పుడు ఈతకెళితే కాళ్ళకి చుట్టుకునేదండి.

మీ చెరువులో ఉందేమో చూడండి. ఉంటే ఎవరికీ అమ్మకండి, దూరప్రాంతాలకి పంపకండి, గుప్పెడు ఇంట్లో బతికించుకోండి. పిల్లలు తొట్టి ఖాళీ చేస్తుంటే మాత్రం, ఆ నీళ్ళు ఎటు పోస్తున్నారో ఒక్కసారి లేచి చూడండి.