ఏనుగు వెల, అంకుశము వెల

పాత వాహనమును కొనుట నేటి కాలమున పుట్టిన వ్యవహారము కాదు. వాహనము ఎద్దుగా, గుర్రముగా ఉన్ననాడే అది చేతులు మారుచుండెను. మారినప్పుడెల్ల కొనువాని మనస్సున ఒకే శంక మెదలుచుండెను: అమ్మువానికి తెలిసి నాకు తెలియనిది ఏమున్నది?

నేడు మన పట్టణములలో ఈ శంక క్రొత్త రూపమున కనబడుచున్నది. క్రొత్తగా కొనినప్పుడు కోటి రూపాయలకు పైబడి వెలపలికిన రేంజ్ రోవర్ వంటి విలాసపు ఎస్‌యూవీ, కొన్ని ఏండ్లు నడచి, వారంటీ గడువు తీరిన పిమ్మట, మధ్యతరగతి కుటుంబము కొనెడు క్రొత్త కారు వెలకు దాపుగా అమ్మకమునకు వచ్చును. ఇంటిలో ఒకరు కొందమందురు, ఒకరు వలదందురు. కూడబెట్టిన సొమ్ము సంగతి గనుక ఇరువురి మాటయు త్రోసివేయదగినది కాదు. ఈ వాదమును తీర్చుటకు చరిత్ర మనకేమి తోడ్పడునో పరిశీలింతము.

మన ధర్మశాస్త్రకారులు ఈ చిక్కును చక్కగా గుర్తించిరి. కొనినవాడు గాని అమ్మినవాడు గాని పశ్చాత్తాపపడినచో పది దినములలోపల సరుకును మరలించుకొనవచ్చునని మనుస్మృతి చెప్పినది. యాజ్ఞవల్క్యస్మృతి ఇంకను ముందునకు పోయి, ఒక్కొక్క సరుకునకు ఒక్కొక్క పరీక్షాకాలమును నిర్ణయించినది. విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒక దినము, రత్నములకు ఏడు దినములు, పాడి పశువునకు మూడు దినములు, బరువు మోయు పశువునకు ఐదు దినములు. మనుష్యులను సైతము ఆ పట్టికలో సరుకుగా చేర్చిన మచ్చను మరువరాదు. అయినను ఈ లెక్కలోని వివేకము గమనింపదగినది. లోపము బయటపడుటకు ఏ వస్తువునకు ఎంత కాలము పట్టునో అంత గడువు. విత్తనము మొలకెత్తవలెను, ఎద్దును కాడికి కట్టి, బరువు లాగించి చూడవలెను. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు ఈ స్మృతికి మితాక్షరయను వ్యాఖ్య వ్రాసెను. 13వ శతాబ్దమున తిక్కన శిష్యుడైన కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను. వ్యవహారధర్మము ఈ విధముగా మన భాషలోనికి వచ్చినది.

రోమునగరమున అంగళ్లపై అధికారముగల ఈడైలులను అధికారులు ఇంకను దీర్ఘమైన గడువు నిచ్చిరి. పశువును అమ్మువాడు దాని రోగమును, దుర్గుణమును ముందుగా చెప్పవలెను. చెప్పనిచో ఆరు నెలలలోపల బేరమును రద్దుచేయవచ్చును, ఏడాదిలోపల వెలను తగ్గింపజేసికొనవచ్చును. ఇంగ్లండులో మాత్రము న్యాయము వేరు దారి పట్టినది. అచ్చట ఒక కంసాలి ఒక రాతిని గోరోచనము వంటి విషహరమగు బెజోవరు రాయియని చెప్పి నూరు పౌనులకు అమ్మెను. అది బెజోవరు కాదని కొనినవాడు వ్యాజ్యము వేయగా, 1603లో న్యాయస్థానము, అమ్మువాడు ఊరక చెప్పిన మాట హామీ కాదనియు, హామీయని స్పష్టముగా ఇచ్చినప్పుడే బాధ్యత కలుగుననియు తీర్పు చెప్పినది. కొనువాడే జాగరూకుడై యుండవలెనను సూత్రము అచ్చట బలపడినది. వారంటీ యను మాటకు నేడున్న బరువు ఇట్టి తీర్పులవలన కలిగినదే.

గడువు ఒక్కటే చాలునా? మన దక్షిణదేశపు గుర్రముల కథ చాలదని చెప్పుచున్నది. 13వ శతాబ్దాంతమున ఈ తీరమునకు వచ్చి మన మోటుపల్లి రాజ్యమును గూర్చి కూడ వ్రాసిన మార్కో పోలో, దక్షిణమున పాండ్యరాజులు ఏటేట వేలకొలది గుర్రములను హొర్ముజు, ఏడెను మున్నగు రేవులనుండి గొప్ప వెలలకు కొనుచుండిరనియు, ఏడు తిరుగునప్పటికి వానిలో మిగులునవి బహుస్వల్పమనియు చెప్పెను. కారణము? గుర్రమును పోషించు విధము ఇచ్చటివారికి తెలియదు. గుర్రపు వైద్యులు లేరు. అట్టి వైద్యులు ఇచ్చటికి రాకుండ వర్తకులే జాగ్రత్తపడుచుండిరట, గుర్రములు చచ్చిననే గదా మరల బేరము! వాహనమును కొని, దానిని బాగుచేయువానిని కొనలేకపోయిన రాజుల కథ యిది.

15వ శతాబ్దమున చంద్రగిరి నేలిన సాళువ నరసింహుని కథ మరియొకటి. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినదానిబట్టి, ఆయన మూడు గుర్రములకు వేయి పర్దావుల చొప్పున, బ్రదికినదానికిని చచ్చినదానికిని కూడ వెల యిచ్చెడివాడు. సముద్రముపై చచ్చిన గుర్రమునకు తోకను తెచ్చి చూపిన చాలును. ప్రయాణమున కలుగు నష్టమంతయు కొనువాడే భరించెనన్నమాట. సైన్యమునకు గుర్రములు తప్పవు. బొక్కసము నిండుగా నున్నది. కావున అది ఆయనకు తగిన బేరమే. అదే బేరము బొక్కసము లేనివానికి తగునా యనునది వేరు ప్రశ్న.

మోటారు యుగమున ఈ నష్టభారము కొంత తయారీదారుని మీదికి మరలినది. అమెరికాలో 1950లలో క్రొత్త కారునకు సామాన్యముగా ఇచ్చు వారంటీ 90 దినములు లేదా 4,000 మైళ్లు మాత్రమే. 1960లో న్యూజెర్సీ సర్వోన్నతన్యాయస్థానము, ఇట్టి చిన్న కాగితము చూపి తయారీదారుడు తక్కిన బాధ్యతనంతటిని తప్పించుకొనజాలడని తీర్పు చెప్పినది. 1963 నమూనాలకు క్రైస్లర్ సంస్థ ఇంజను, గేరుపెట్టె మొదలగు చలనభాగములకు ఐదేండ్లు లేదా 50,000 మైళ్ల హామీ నిచ్చినది. అది మొదలు హామీ కాలము అమ్మకపు పోటీలో ఆయుధమైనది. వారంటీయనగా కాగితము మీది మర్యాద కాదని దీనివలన తెలియుచున్నది. రాబోవు నష్టమును ఎవరు మోయుదురను ప్రశ్నకు అది సమాధానము. గడువు తీరిన మరునాడు ఆ భారము మన భుజము మీదికి వచ్చును. మనము సాళువ నరసింహుని స్థానమున నిలుతుము, ఆయన బొక్కసము లేకుండ.

ఇక రేంజ్ రోవర్ పుట్టుపూర్వోత్తరములు చూతము. ఇంగ్లండులోని రోవర్ సంస్థ ముఖ్య ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలములో యుద్ధకాలపు అమెరికా జీపు నొకదానిని వాడుచుండెను. అట్టి బండిని తామే ఏల చేయరాదని తలచి రూపొందించినది ల్యాండ్ రోవర్. 1948 ఏప్రిల్ 30న ఆంస్టర్‌డాం ప్రదర్శనలో దానిని చూపిరి. యుద్ధానంతరము ఉక్కునకు కరవుండుటచే దాని శరీరపు పలకలను అల్యూమినియము మిశ్రమముతో చేసిరి. అది రైతు బండి. సుత్తితో, పానాతో బాగుచేసికొనదగినది.

1970 జూనులో స్పెన్ కింగ్ మొదలగువారు రూపొందించిన రేంజ్ రోవర్ వెలువడినది. వెల 1,998 పౌనులు. పట్టీ స్ప్రింగులకు మారుగా చుట్టల స్ప్రింగులు, ఎనిమిది సిలిండర్ల ఇంజను, నాలుగు చక్రములకును ఎల్లప్పుడు శక్తి. అయినను లోపలి ఆసనములు వినైలు. బురద పట్టినచో నీటిగొట్టముతో కడిగివేయవచ్చును. పారిస్‌లోని లూవ్రు ప్రదర్శనశాలలో దానిని శిల్పమువలె నిలిపిరి. పిదప కొనువారి కోరికలు పెరిగినవి. 1981లో నాలుగు తలుపులు వచ్చినవి. తోలు ఆసనములు, చెక్కపని తోడైనవి. 1992లో లోహపు స్ప్రింగులకు బదులు గాలితో నిండిన రబ్బరు స్ప్రింగులు వచ్చినవి. తరువాతి నమూనాలలో కంప్యూటర్లు పెక్కు చేరినవి. 2008లో టాటా మోటార్సు ఫోర్డునుండి జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను 230 కోట్ల డాలర్లకు కొనుటతో అది భారతీయుల చేతికి వచ్చినది. 2024లో రేంజ్ రోవర్‌ను పూనాలో కూర్చుటకు నిర్ణయించిరి.

ఈ చరిత్రలో మన ప్రశ్నకు మర్మము దాగియున్నది. రైతుబండి సుఖాసనముగా మారిన ప్రతి మెట్టునను ఒక క్రొత్త యంత్రము చేరినది. ప్రతి యంత్రమునకును ఆయుర్దాయ మున్నది. గాలి స్ప్రింగునే తీసికొందము. రబ్బరు సంచి ఏండ్లు గడచినకొలది బీటలు వారి సన్నగా గాలి విడుచును. ఆ లోటును పూరించుటకు కంప్రెసరు మాటిమాటికి పనిచేసి తుదకు తానును కాలిపోవును. చిన్న బీట పెద్ద ఖర్చునకు దారితీసినదన్నమాట. ఆ కుటుంబమునకే చెందిన కొన్ని నమూనాలలో, ఇరుకైన ఇంజను గదిలోని టర్బోను మార్చుటకు పై శరీరమునంతను చట్రమునుండి ఎత్తుట మేలని మెకానిక్కులు భావింతురు. అప్పుడు సామాను వెలకంటె కూలియే బరువగును. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యిది: బండి వెల ఏటేట తగ్గును; దాని విడిభాగముల వెల తగ్గదు. మధ్యరకపు కారు వెలకు కొనినను, అది కోటి రూపాయల బండిగానే బాగుచేయించుకొనును.

రేంజ్ రోవర్ వెలువడిన రెండు నెలలకు, 1970 ఆగస్టులో, జార్జి అకెర్లాఫ్ అను అమెరికా ఆర్థికశాస్త్రవేత్త పాత కార్ల అంగడిని గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. లోపమున్న కారును అమెరికనులు నిమ్మపండని హేళన చేయుదురు. కొనువానికి మంచి కారేదో, నిమ్మపండేదో తెలియదు గనుక సగటు వెలయే ఇచ్చును. మంచి కారుగలవాడు ఆ వెలకు అమ్మనొల్లక తప్పుకొనును. అప్పుడు అంగటిలో సగటు నాణ్యము తగ్గును, వెల మరల తగ్గును. మూడు పత్రికలు త్రోసిపుచ్చిన ఆ వ్యాసమే 2001లో ఆయనకు నోబెల్ బహుమానమును తెచ్చినది. ఈ వ్యాధికి హామీలు ఒక మందని కూడ ఆయన చెప్పెను. హామీ లేని అంగడిలో చౌకవెల దానంతటదే శుభసూచకము కాదని దీనివలన గ్రహింపవలెను. అట్లని అమ్మువారందరు మోసగాండ్రనుకొనుట తప్పు. ఉద్యోగము మారినవారు, క్రొత్త నమూనా కోరువారు మంచి బండ్లనే అమ్ముదురు. వానిని గుర్తించుటయే మన పని.

చట్టము కొంత ఆసరా యిచ్చును. అయితే 1930 నాటి మన సరుకుల విక్రయ చట్టము ప్రకారము, కొనువాడు సరుకును పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో కనబడవలసిన లోపములకు నాణ్యమును గూర్చిన అధ్యాహృత హామీ వర్తింపదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వర్తకునిపై ఫిర్యాదునకు దారి చూపును. కాని స్వంత బండిని ఒకసారి అమ్ముకొను గృహస్థునిపై అది అంతగా పనికిరాదు. కావున పరీక్ష ముందే జరుగవలెను, సక్రమముగా జరుగవలెను.

మా అభిప్రాయమున యోచింపవలసినవి మూడు. మూడును పై చరిత్రనుండి వచ్చినవే.

మొదటిది పరీక్ష. స్మృతికారుడు ఎద్దునకు ఐదు దినములిచ్చెను. మనము బండికి ఒక రాత్రియైన అడుగవలెను. రాత్రి సమతలమున నిలిపి ఉదయమున చూడవలెను. ఒక మూల క్రుంగియున్నచో గాలి పోవుచున్నదన్నమాట. ఇంజను చల్లగానున్నప్పుడు మనయెదుటనే నడిపింపవలెను. అమ్మువానితో సంబంధములేని మెకానిక్కుచేత స్కానరు పెట్టించి, లోపపు సంకేతములు చదివించుట అవశ్యము. సర్వీసు రికార్డులలోని కిలోమీటర్లకు, మీటరులోని అంకెకు పొత్తు కుదరవలెను. బ్యాంకు అప్పు తీరినట్లు పత్రము, బీమా చరిత్ర చూడవలెను. ఇతర రాష్ట్రపు బండియైనచో ఇచ్చట చెల్లింపవలసిన పన్నును కూడ వెలలో కలిపి లెక్కింపవలెను.

రెండవది వైద్యుడు. ఆ బండిని ఎరిగిన పనివాడు మన ఊరనో, దరి పట్టణమననో ఉన్నాడా? లేనిచో పాండ్యరాజుల గుర్రములను తలచుకొనుట మేలు.

మూడవది బొక్కసము. కొనిన వెలలో కనీసము ఐదవ వంతు సొమ్మును, ఇతర అవసరములకు ముట్టకుండ, మరమ్మతులకై వేరుగా ఉంచగలమా? పొడిగింపు వారంటీ దొరకినచో తీసికొనవచ్చును. కాని అందులో వేనిని మినహాయించిరో చదివిన పిదపనే. ఇంటికి అదియే ఏకైక వాహనమై, అప్పుచేసి కొనవలసివచ్చినచో, పిల్లల చదువుల రుసుమునకును కంప్రెసరు వెలకును ఒకే నెలలో పోటీ వచ్చును. అట్టివారు ఆ కోరికను విడుచుటే ఉచితము. అదే సొమ్మునకు వారంటీగల సామాన్యమైన క్రొత్త కారు వచ్చును. ఇంట మరియొక బండి యుండి, రికార్డులు చక్కగానుండి, మూడు ప్రశ్నలకును ధైర్యముగా ఔనని చెప్పగలవారు నిశ్చింతగా కొనవచ్చును. వారికి తగ్గిన వెలకు గొప్ప యంత్రము దక్కును.

ఏనుగును కొని అంకుశమునకు బేరమాడినట్లని మన పెద్దలు సామెత చెప్పిరి. పాత ఏనుగు చౌకగా దొరకవచ్చును గాని అంకుశము వెల, మావటివాని జీతము, మేత ఖర్చు ఎన్నడును చౌక కావు. ఆ లెక్క ముందు వేసికొని, ఏనుగును తరువాత చూచుట బుద్ధిమంతుల పద్ధతి.