ఒకే సంఖ్య, రెండు పాఠాలు



గత మాసం మా పాత కారు తాళం తిప్పితే ఒకప్పుడు పలికేది, ఒకప్పుడు మౌనం వహించేది. మెకానిక్ షెడ్డు కుర్రవాడు ముందుగా బ్యాటరీ టెర్మినళ్ళు తుడిచి బిగించాడు. బ్యాటరీ చేసిన తప్పులు తరచుగా ఇగ్నిషన్ స్విచ్చి నెత్తిన పడుతుంటాయట. ఫలితం లేకపోయేసరికి నెగటివ్ తీగ ఊడదీసి, స్టీరింగు కింది మూత విప్పి, అరిగిన స్విచ్చిని బయటికి తీసి, కొత్తదాని పక్కన పెట్టుకొని చాలాసేపు చూశాడు. "నంబరు ఒకటే కదా, ఇంకేమిటి చూస్తున్నావు?" అన్నాను. "నంబరు చూసి నమ్మకూడదు మాష్టారూ, సరుకు చూడాలి" అన్నాడు. ఆ మాట వెనుక ఒక పెద్ద చరిత్రే ఉన్నది.

తొలినాటి కార్లకు ముందుభాగంలో హ్యాండిలు దూర్చి, బలంకొద్దీ తిప్పవలసి వచ్చేది. ఇంజను ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. ఆ బాధను తప్పించినవాడు అమెరికాలోని డేటన్ నగరానికి చెందిన చార్లెస్ కెట్టరింగ్. అంతకుముందు దుకాణాల్లోని క్యాష్ రిజిస్టరుకు మోటారు అమర్చిన అనుభవం ఆయనకు ఉంది. చిన్న మోటారు కూడా క్షణకాలం పెద్ద బరువును మోయగలదని అక్కడే గ్రహించాడు. 1912 నాటి క్యాడిలాక్ కారుకు ఆ సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. అయినా చాలాకాలం తాళంచెవిది ఒక పని, స్టార్టరు మీటది మరొక పని. తాళం తిప్పితేనే ఇంజను కదిలే ఏర్పాటును 1949లో క్రైస్లర్ సంస్థ తెచ్చింది. అప్పటినుండి కారు ప్రాణమంతా ఆ చిన్న డబ్బీలో చేరింది.

ఆ డబ్బీలో తాళాన్ని ఒక్కొక్క స్థానంలో నిలిపి ఉంచేది ఒక స్ప్రింగు, దాని కొసన ఒక ప్లంజరు. జనరల్ మోటార్స్ వారి శాటర్న్ అయాన్, షెవర్లే కోబాల్ట్ మొదలైన కార్లలో ఈ ప్లంజరు పట్టు నిర్దేశించినదానికన్నా తక్కువ. మోకాలు తగిలినా, బరువైన తాళాలగుత్తి ఊగినా తాళం వెనక్కు జారేది. పరుగెత్తే కారులో ఇంజను ఆగేది, స్టీరింగు బిగుసుకునేది. అన్నిటికన్నా ఘోరం, ఆపైన గుద్దుకుంటే ఎయిర్ బ్యాగు తెరుచుకునేది కాదు. గుత్తినుండి అనవసరపు వస్తువులు తీసివేయమని 2005లో డీలర్లకు సలహా పంపారు! రోగం స్విచ్చిది, పథ్యం గుత్తికి.

2006లో పొడవైన ప్లంజరుతో స్విచ్చిని సరిదిద్దారు. కాని భాగపు సంఖ్యను మార్చలేదు. అసలు అపరాధం ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం. బ్రౌను దొర కడపలో పండితులచేత తాళపత్ర ప్రతులను పోల్చి చూపించి పాఠభేదాలు గుర్తింపజేశాడు. లేఖకుడు తప్పును దిద్దడం దోషం కాదు, దిద్దినట్లు చెప్పకపోవడం దోషం. పాత కార్లలోనే ఎయిర్ బ్యాగులు ఎందుకు విఫలమవుతున్నాయో విచారించినవారికి కాగితాలలో ఏ మార్పూ కనబడలేదు. సంఖ్య ఒకటే గనుక వస్తువూ ఒకటే అనుకున్నారు. ఏళ్ళు గడిచాయి, మనుషులు పోయారు.

చివరికి ఆ పాఠభేదాన్ని పట్టినవాడు ఫ్లోరిడాలోని ఒక ఇంజనీరు. కారు ప్రమాదంలో మరణించిన ఒక యువతి తల్లిదండ్రులు వేసిన దావాలో ఆయన ఆ కారు స్విచ్చిని పరీక్షిస్తున్నాడు. ఎంత చూసినా అంతు చిక్కక, డీలరు వద్ద సుమారు 30 డాలర్లకు అదే సంఖ్య గల కొత్త స్విచ్చిని కొని, రెంటినీ విప్పి పక్కపక్కన పెట్టాడు. ప్లంజరు పొడవులో తేడా కనబడింది. మా కుర్రవాడు చేసినదీ సరిగ్గా ఇదే.

2014 ఫిబ్రవరిలో కార్లను వెనక్కు పిలవడం మొదలై, ఆ సంఖ్య దాదాపు 26 లక్షలకు చేరింది. నష్టపరిహార నిధివారు 124 మరణాలను అంగీకరించారు. 2015లో సంస్థ అమెరికా ప్రభుత్వానికి 90 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకున్నది.

మా కారు ఇప్పుడు మొదటి తిప్పుకే పలుకుతున్నది. పాత స్విచ్చిని పారవేయబోతే కుర్రవాడు వారించి, కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. మళ్ళీ ఎప్పుడైనా కొత్తది కొంటే పక్కన పెట్టి చూసుకోవడానికట.