తోడేలూ, వృకోదరుడూ



ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మధ్యాహ్నం క్యారియరు విప్పి మూయడానికి నాకు పది నిమిషాలు పట్టేది కాదు. కౌంటరు ముందు జనం నిలబడి ఉంటే ముద్ద ఎలా దిగుతుంది? ఒకసారి తనిఖీకి వచ్చిన పై అధికారి అది చూసి, అన్నాన్ని 'వుల్ఫ్' చేస్తున్నానని నలుగురి ముందు ఇంగ్లీషులో నవ్వారు. ఆ మాట చాలా ఏళ్ళు ముల్లులా గుచ్చుకుంది. రిటైరయ్యాక తీరిక చిక్కి నిఘంటువులు తిరగేశాను.

వుల్ఫ్ అంటే తోడేలు. ఆబగా మింగడం అనే అర్థంలో అది క్రియగా మారింది 19వ శతాబ్దంలో. కాని తోడేలు పేరుగా చాలా పాతది. సంస్కృతంలో వృకం, గ్రీకులో లూకోస్, లాటిన్‌లో లూపుస్, ఇంగ్లీషులో వుల్ఫ్. ఇవన్నీ ఒక తల్లి బిడ్డలే. ఈ భాషల చుట్టరికాన్ని 1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో చాటినవాడు సర్ విలియం జోన్స్. ఆయనా మనలాగే ఉద్యోగి, సుప్రీంకోర్టు జడ్జి. కొలువు చేస్తూనే సంస్కృతం నేర్చుకున్నాడు.

మన 'తోడేలు' మాత్రం ఆ కుటుంబంలోది కాదు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర నిరూపించాడు.

'డివవర్' అన్నా కబళించడమే. దాని లాటిన్ ధాతువుకూ, మింగడమనే అర్థం గల సంస్కృత ధాతువుకూ మూలం ఒకటే. తిమి అనే పెద్ద చేపను సైతం మింగేది కనుక తిమింగిలం అయింది.

ఇక వృకోదరుడంటే తోడేలు కడుపువాడు, మన భీమసేనుడు. ఏకచక్రపురంలో తెచ్చిన భిక్షలో సగం అతనికే పెట్టి, తక్కిన సగం కుంతీదేవి, నలుగురు కొడుకులూ పంచుకునేవారు. ఆ తిండి తిన్న భీముడే బకాసురుణ్ణి చంపి ఊరిని కాపాడాడు. ఇద్దరూ బండెడు తినేవారే. ఒకడు ఊరిని తిన్నాడు, ఒకడు ఊరి కోసం తిన్నాడు.

ఇది తెలిశాక నా ముల్లు ఊడిపోయింది. మనలో ఎందరో జనం కోసమే గబగబా మింగి లేచాం. ఇప్పుడు కౌంటరూ లేదు, క్యూ కూడా లేదు. డాక్టరుగారు నెమ్మదిగా నమిలి తినమంటున్నారు. మా ఇంటావిడ ఎదురుగా కూర్చుని మరీ చూస్తోంది. ముప్పయ్యేళ్ళ అలవాటు, మానడమే కష్టంగా ఉంది!